శౌరి అంటే విష్ణువా, జేవియరా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ తాతగారి పేరు బాలశౌరి. మీరు గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబం. పుట్టబోయే బాబుకు తాత పేరు పెట్టుకోవాలని ఇంటర్నెట్‌లో వెతికితే, పేర్ల సైట్లన్నీ "శౌరి అంటే విష్ణువు, శూరుడు" అంటున్నాయి. మీ బెంగళూరు ఆఫీసుకు స్పెయిన్ నుంచి వచ్చిన హావియేర్ అనే ఆయన మాత్రం "ఇది నా పేరే" అంటున్నాడు. మీ ఆవిడేమో శౌరి పాతగా ఉంది, జేవియర్ అని పెడదామంటున్నారు. ఎవరి మాట నిజం, ఏ పేరు పెట్టాలి అని అడిగారు.

మీ హావియేర్ చెప్పిందే నిజం. మీ తాతగారి పేరు పునీత (అంటే సెయింట్) ఫ్రాన్సిస్ జేవియర్ పేరే. మీ ఇంట్లో శౌరి అన్నా, జేవియర్ అన్నా, హావియేర్ అన్నా ఒక్కటే. అలాగని సైట్లు రాసింది అబద్ధం కాదు. శౌరి అనే సంస్కృత పేరు నిజంగానే ఉంది, అది విష్ణువు పేరే. కాకపోతే అది వేరే పేరు. రెండు పేర్లు వేర్వేరు దారుల్లో వచ్చి తెలుగులో ఒకే శబ్దం దగ్గర కలిశాయి, అంతే. ఏ పేరు పెట్టాలన్నది మీ ఇంటి విషయం, కానీ నన్నడిగితే శౌరి అనే పెట్టండి. దానికి తాతగారి మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఇంకొకటి ఉంది. కింద చెబుతాను.

ఇంత గట్టిగా చెప్పడానికి నేనెవరినంటారా? మిషన్ స్కూల్లో తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నేళ్లుగా మా విచారణలోని (అంటే ఒక గురువు కింద ఉండే చర్చి, దాని పరిధి) పాత జ్ఞానస్నాన రిజిస్టర్లను చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పని చూస్తున్నాను. వీసా కాగితాలకని, ఇంటి వంశవృక్షానికని ఎవరో ఒకరు పేరు పట్టుకుని వస్తూనే ఉంటారు.

మీరు చేసిన పొరపాటే నేనూ ఒకప్పుడు చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. భాగవత పద్యం చెబుతున్నాను, అందులో శౌరి అని వచ్చింది. క్లాసులో ఒక శౌరయ్య ఉంటే లేపి, "ఒరే, నీది సాక్షాత్తు కృష్ణుడి పేరురా, శూరుడి వంశంవాడు కనుక శౌరి" అని పిల్లలందరి ముందూ చెప్పాను. విష్ణు సహస్రనామంలో "శూరః శౌరిర్జనేశ్వరః" అని ఉందని కూడా జోడించాను. వాడు ఇంటికెళ్లి చెప్పినట్టున్నాడు. మర్నాడు వాళ్ల తాత బడికి వచ్చి, చాలా మర్యాదగా, "మాష్టారూ, మీరు చదువుకున్నవారు. మా వాడు పుట్టింది శౌరివారి పండగ రోజున. డిసెంబరు మూడు. ఆయన పేరే పెట్టుకున్నాం" అన్నారు. నాకు నోట మాట రాలేదు. వ్యాకరణంలో నేను చెప్పింది తప్పు కాదు. ఆ పిల్లవాడి విషయంలో మాత్రం పూర్తిగా తప్పు.

ఇక అసలు కథ. ఫ్రాన్సిస్ జేవియర్ 1506లో ఉత్తర స్పెయిన్‌లోని నవార్రె ప్రాంతంలో, జేవియర్ అనే కోటలో పుట్టారు. అది తల్లి వైపు వారి కోట. అంటే జేవియర్ అన్నది మనిషి పేరే కాదు, ఊరి పేరు. మన దగ్గర ఇంటిపేర్లు ఊళ్లను బట్టి వచ్చినట్టే. ఆ ప్రాంతంలో బాస్కు భాష మాట్లాడతారు, దానికి చుట్టుపక్కల భాషల్లో వేటితోనూ చుట్టరికం లేదు. ఆ భాషలో ఎచె అంటే ఇల్లు, బెర్రి అంటే కొత్త. ఎచెబెర్రి అరిగి అరిగి శవియేర్ అయింది. స్పెయిన్‌లోనూ, దక్షిణ అమెరికాలోనూ కనిపించే ఎచెవెర్రియా అనే ఇంటిపేరు కూడా ఇదే మాట. కాబట్టి మాటకు మాట అర్థం కావాలంటే మీ తాతగారి పేరుకు అర్థం "చిన్న కొత్తిల్లు" అని వస్తుంది! నవ్వుకోండి గానీ ఆ అర్థాన్ని పట్టుకుని వేలాడకండి. జేవియర్ అంటే అరబ్బీలో "ప్రకాశించేవాడు" అని కొన్ని సైట్లలో కనిపిస్తుంది, దాన్ని అసలే పట్టించుకోవద్దు.

ఆయన 1542లో గోవా చేరారు, దక్షిణాన ముత్యాల రేవుల్లో పనిచేశారు, 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో చనిపోయారు. 1622లో ఆయనకు పునీత పట్టం ఇచ్చారు. తెలుగునాట పరిచర్య చేసినవారు కాదాయన. మరి ఆయన పేరు గుంటూరు పల్లెల దాకా ఎలా వచ్చింది? తమిళం మీదుగా వచ్చింది. పోర్చుగీసువారు ఆ పేరును శవియేర్ అని పలుకుతారు. తమిళులు సవేరియార్ అన్నారు, సవరి అన్నారు. తమిళనాట సవరిముత్తులు ఎంతమందో. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి జెస్విట్ సభ అనే క్యాథలిక్ సంస్థకు చెందిన ఫ్రెంచి గురువులు కర్నాటక మిషన్ పేరుతో పుంగనూరు వైపు తెలుగు ఊళ్లలోకి వచ్చినప్పుడు ఈ పేర్లు కూడా వాళ్ల వెంటే వచ్చాయి. సవరి మన నోట్లో శౌరి కావడం చాలా సహజం. అవును అన్నమాట ఔను అవుతుంది చూడండి, అదే పద్ధతి. శౌరి అనే సంస్కృత శబ్దం అప్పటికే జనం చెవుల్లో ఉండటం కూడా సాయపడి ఉంటుందని నా ఊహ. కొత్త పేరు వచ్చినప్పుడు పాత పేరు పక్కన కూర్చుంటే త్వరగా కుదురుకుంటుంది.

శౌరి మేలని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. జేవియర్ అనేది అసలు పేరని, శౌరి దాని పల్లెటూరి రూపమని మన చదువుకున్నవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. నిజానికి వ్యవహారం తలకిందులుగా ఉంది. ఆ మనిషి కాలంలో స్పెయిన్‌లో ఎక్స్ అక్షరాన్ని మన శ, ష లాగా పలికేవారు. ఆ తర్వాత వందేళ్లలోపే అది గొంతులోకి దిగి హ లాంటి శబ్దమైంది. మెక్సికోను వాళ్లు ఇప్పుడు మెహికో అనేది అందుకే, ఒకప్పుడు అది మేషికో. అలాగే శవియేర్ కాస్తా హావియేర్ అయింది. ఇంగ్లీషువాళ్లు అదే అక్షరాన్ని తమ పద్ధతిలో చదివి జేవియర్ అన్నారు. అంటే ఆ పునీతుడు స్వయంగా వచ్చి వింటే జేవియర్ అన్న పిలుపుకంటే శౌరి అన్న పిలుపుకే ముందు తల తిప్పుతాడు! మీ స్పెయిన్ మిత్రుడి నోట్లో పోయిన శ మీ తాతగారి పేరులో భద్రంగా ఉంది. ఈ మాట ఆయనకు చెప్పి చూడండి.

ఫుట్‌బాల్ చూస్తారో లేదో. 2010లో ప్రపంచ కప్పు గెలిచిన స్పెయిన్ జట్టులో ముగ్గురు శౌరిలు ఉన్నారు. షాబీ అలోన్సోది బాస్కు రూపం, చావీ హెర్నాందెజ్‌ది కాటలాన్ రూపం, హావీ మార్తీనెజ్‌ది స్పానిష్ రూపం. ఒకే జట్టు, ఒకే పేరు, మూడు పలుకుబడులు. ఇటలీవాళ్లు సవేరియో అంటారు, ఫ్రెంచివాళ్లు గ్జావియే, జర్మన్లు క్సావర్. వీళ్లెవరూ తమ రూపం తప్పని, పక్కవాడిది ఒప్పని అనుకోరు. ఆ జబ్బు మనకే ఉంది.

మీరు అడగలేదు గానీ, మీ ఊళ్లో మిగతా పేర్ల సంగతి కూడా రెండు ముక్కలు చెబుతాను, మీ కుటుంబంలో ఇవి ఉండే ఉంటాయి. పేరు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి రెండు రకాలుగా వస్తుంది: శబ్దంతో గానీ, అర్థంతో గానీ. శౌరి శబ్దంతో వచ్చింది. ఇన్నయ్య, ఇన్నారెడ్డి కూడా అంతే. అది జెస్విట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ పేరు. పోర్చుగీసులో ఇనాసియు, తమిళంలో ఇన్నాసి, మన దగ్గర ఇన్నయ్య. "ఇన్ని" అనే మాటతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆ మాటకొస్తే ఆయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఈనిగో. ఇగ్నేషియస్ అని తర్వాత ఆయనే మార్చుకున్నాడు.

చిన్నప్ప మాత్రం అర్థంతో వచ్చిన పేరు. లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడు. శబ్దాన్ని వదిలేసి అర్థాన్ని తీసుకుని తమిళులు చిన్నప్పర్ అన్నారు, మనకు చిన్నప్ప, చిన్నపరెడ్డి వచ్చారు. పక్క వీధిలో లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఇంట్లో అదే పునీతుడు పౌలు. గుంటూరుకు లూథరన్ మిషన్ 1842లో వచ్చింది, వాళ్ల పేర్లు బైబిలు అనువాదంలోంచి నేరుగా వచ్చాయి కనుక యోహాను, పేతురు, పౌలు, యాకోబు అని ఉంటాయి. ఒకే ఊళ్లో పేరు వినగానే ఎవరు ఏ గుడికి వెళతారో చెప్పగలగడం ఇందువల్లే. రాయప్ప కూడా అలాంటిదే, ఆయన పేతురు. గ్రీకులో పేత్రోస్ అంటే బండరాయి, దాని వెనక అరమాయిక్‌లో కేఫా, అదీ రాయే. రాయప్పలో తెలుగు చెవికి వినిపించే రాయి అర్థానికి అతికినట్టు సరిపోతుంది. పేతురు, పౌలుల పండగ ఒకటే రోజు, జూన్ 29. కవలలు పుడితే రాయప్ప, చిన్నప్ప అని పెట్టడం మా రిజిస్టర్లలో చూశాను. రాముడు, లక్ష్మణుడు అని పెట్టినట్టే!

అర్థంతో మారిన పేరుకు నాకు బాగా నచ్చే ఉదాహరణ దేవసహాయం. తిరువాన్కూరు రాజ్యంలో నీలకంఠ పిళ్లై 1745లో జ్ఞానస్నానం పొందారు. పెట్టిన పేరు లాజరు. హీబ్రూలో దానికి అర్థం దేవుడు సాయం చేశాడని. దాన్నే దేవసహాయం అన్నారు. 2022 మే 15న ఆయనకు పునీత పట్టం వచ్చింది. మన ఊళ్లలో ఉన్న దేవసహాయాలు చాలామందికి తమ పేరు లాజరు అన్న సంగతే తెలియదు. తమిళంలో యోహానుకు అరుళప్పన్ అంటారు. యోహానన్ అంటే దేవుడు కృప చూపాడని, అరుళ్ అంటే కృప. చూశారా, ఎంత శ్రద్ధగా చేశారో.

ఇక్కడ ఒక జాగ్రత్త. అర్థం ఒకటైనంత మాత్రాన పేరు ఒకటి కాదు, శబ్దం ఒకటైనంత మాత్రాన కూడా కాదు. థియోడోర్, నతనయేలు, అతావుల్లా, రష్యన్లూ పోలిష్‌వాళ్లూ పెట్టుకునే బొగ్దాన్, మన దేవదత్తుడు, వీటన్నిటికీ అర్థం దేవుడిచ్చినవాడనే. ఒకదాన్నుంచి ఇంకొకటి పుట్టలేదు. ఎవరి భాషలో వాళ్లు అనుకున్నారు. మరోవైపు మరియమ్మ, మారెమ్మ వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. మరియమ్మ హీబ్రూ మిర్యాం నుంచి వచ్చిన దేవమాత పేరు, మారెమ్మ మన గ్రామదేవత. ఒక సైట్లో ఈ రెండింటినీ కలిపి రాసేశారు, చదివి పుస్తకం మూసేసినట్టు ఫోన్ మూసేశాను.

మరి ఏ పేరుకు ఏ అర్థమో తేల్చేదెలా? నేను ముందుగా అడిగేది ఒకటే: ఎవరి కోసం పెట్టారు? వరంగల్ వైపు నుంచి ఒక అమ్మాయి ఇలాగే అడిగింది. వాళ్ల నాయనమ్మ పేరు యాకమ్మ. హిందువులు. ఆఫీసులో ఎవరో "జాకబ్ అనే పేరు నుంచి వచ్చింది, మడమ పట్టుకున్నవాడని అర్థం" అన్నారట. ఆ పిల్లకు టెన్షన్, ఇదేం అర్థమని. శబ్దం దారి చూస్తే ఆ చెప్పినాయన మాట నిజమే. హీబ్రూ యాకోబ్ అరబ్బీలో యాకూబ్. పుట్టినప్పుడు అన్న మడమ పట్టుకుని వచ్చాడని బైబిల్లో కథ. అదే పేరు లాటిన్‌లో యాకోబుస్, అది అరిగి యాకోముస్, దాన్నుంచి ఇంగ్లీషు జేమ్స్. స్పెయిన్‌లో యాగో, పునీత యాగో కాస్తా కలిసిపోయి శాంటియాగో. ఫ్రెంచిలో జాక్, దానికి ఆడ రూపం జాక్వెలిన్. అంటే యాకమ్మ, జాక్వెలిన్ ఒకే పేరు! ఆ అమ్మాయి ఇది విని చాలాసేపు నవ్వింది.

కానీ వాళ్ల నాయనమ్మకు ఆ పేరు పెట్టింది మడమ కోసం కాదు. పర్వతగిరి దగ్గర అన్నారంలో యాకూబ్ షావలీ దర్గా ఉంది. పిల్లలు కలగాలని, పుట్టినవాళ్లు బతకాలని అక్కడ మొక్కుకుని యాకయ్య, యాకమ్మ, యాకలక్ష్మి అని పెట్టుకోవడం ఆ చుట్టుపక్కల అన్ని కులాల్లోనూ ఉంది. ఆ పేరుకు నిజమైన అర్థం ఒక తల్లి మొక్కు. నిఘంటువులో అది దొరకదు.

మీ తాతగారి విషయంలోనూ అంతే. శూరుడు, కొత్తిల్లు, రెండూ పక్కన పెట్టండి. అది గోవాలో శరీరం ఉన్న ఒక పునీతుడి పేరు. ముందున్న "బాల" అంటే చిన్న అనే. ఇంట్లో అప్పటికే ఒక శౌరి, పెద్ద శౌరి ఉంటే ఇలా పెట్టడం మామూలు.

సందర్భం వచ్చింది కనుక ఒక సరదా సంగతి. మా రిజిస్టర్లో శౌరయ్య, లూర్దమ్మ అనే దంపతులు ఉన్నారు. లూర్దు కూడా ఊరి పేరే, ఫ్రాన్స్‌లోది. 1858లో అక్కడ మరియమాత దర్శనమిచ్చిందని నమ్మకం, మన గుణదల మాత పండగంతా ఆ దర్శనం మీదే. పటం తీసి చూస్తే పిరనీస్ కొండలకు అటువైపు లూర్దు, ఇటువైపు జేవియర్ కోట. ఆ కొండల రెండు పక్కల ఊళ్లు వచ్చి గుంటూరు జిల్లాలో కాపురం పెట్టాయి.

ఇక కాగితాల పని. దీని మీదే మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు. పాత రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి. మా దగ్గర 1960ల దాకా లాటిన్‌లోనే రాశారు. ఇంట్లో చిన్నప్ప, స్కూలు సర్టిఫికెట్లో చిన్నప్ప, జ్ఞానస్నాన రిజిస్టర్లో పౌలుస్. ఒకాయన కొడుకు విదేశం వెళ్లే కాగితాల్లో తండ్రి పేరు ఒకచోట ఇలా, ఒకచోట అలా ఉంటే ఒక ఆఫీసులో ఇద్దరు వేర్వేరు మనుషులని తేల్చేశారు. విచారణ గురువుల చేత రెండూ ఒకే పేరని లెటరు రాయించి, నోటరీ అఫిడవిట్ పెట్టి, నాలుగు నెలలు తిరిగితే గానీ పని కాలేదు. అందుకని మీరు జనన ధృవీకరణ పత్రంలో, జ్ఞానస్నానంలో, స్కూల్లో ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ రాయించండి. ఒకచోట జేవియర్, ఒకచోట శౌరి వద్దే వద్దు. తొందర పడక్కర్లేదు, జననం నమోదయ్యాక ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా అవకాశం ఉంది.

మీ ఆవిడ మాట కూడా నిలవాలంటే "ఫ్రాన్సిస్ శౌరి" అని పెట్టండి. ఫ్రాన్సిస్ ఎక్కడికెళ్లినా నోరు తిరిగే పేరు, శౌరి తాతగారిది. పునీతుడి పూర్తి పేరు కూడా అదే.

ఇంగ్లీషు స్పెల్లింగ్ దగ్గర మాత్రం కాస్త ఆలోచించండి. ఎస్ తర్వాత ఓ, యు పెట్టి రాస్తే ఇంగ్లీషువాడికి "పులుపు" కనిపిస్తుంది. ఫ్రెంచివాడు సూరీ అని చదువుతాడు, వాళ్ల భాషలో అది ఎలుక. ఓ, డబ్ల్యు పెడితే ఫోన్లో చెప్పినప్పుడల్లా అవతలివాళ్లు "సారీ ఎందుకు" అంటారు. ఇది మా మేనల్లుడి స్వానుభవం. ఎస్ తర్వాత హెచ్ పెట్టి రాస్తే శ అన్నా నిలబడుతుంది. నా ఓటు దానికే.

చివరగా, వీలైతే మీ తాతగారి విచారణకు ఒకసారి వెళ్లి రిజిస్టరు చూపించమని అడగండి. శౌరి అని వెతికితే దొరక్కపోవచ్చు. ఫ్రాంచిస్కుస్ క్సావేరియుస్ అని ఉంటుంది. పక్కనే పుట్టిన తేదీ ఉంటుంది. అది డిసెంబరు మొదటి వారంలో ఉందేమో చూసి, ఉంటే ఇక్కడ కింద రాయండి.